సికందర్‌బాగ్ ఫోటో, మా నాన్న రూలు

మా నాన్నకి పొన్నూరులో ముప్పై ఎనిమిదేళ్ళ పాటు ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, హాల్ టికెట్ ఫోటోలు, రేషన్ కార్డు గ్రూపు ఫోటోలు, ఇవి అందరికీ తెలిసిన పనులు. వీటితో పాటు ఇంకో పని ఉండేది, దాని గురించి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. తెల్లారగట్ల ఎవరో సైకిల్ మీద వచ్చి, గుమ్మం ఎక్కకుండా బయటే నిలబడి "మాస్టారూ, ఒకసారి రావాలండీ" అనేవాళ్ళు, నాన్న ఇంకేం అడక్కుండా యాషికా కెమెరా, ఫ్లాషు సంచిలో వేసుకుని వెళ్ళిపోయేవాడు, తిరిగొచ్చేసరికి అమ్మ వాకిట్లోనే బకెట్టుతో నీళ్ళు పెట్టి ఉంచేది. శవం ఫోటో. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని ముసలాళ్ళు అప్పట్లో చాలామంది, మరి గోడకి తగిలించుకోడానికి ఇంట్లోవాళ్ళకి ఏదో ఒకటి కావాలి కదా. కుర్చీలో కూర్చోబెట్టి వెనక నుంచి ఎవరో తల పట్టుకునేవాళ్ళు, తర్వాత నాన్న కూర్చుని టచింగ్ చేసి మూసుకున్న కళ్ళు తెరిచినట్టు గీసేవాడు.

ఆ పనికి ఆయన పెట్టుకున్న రూలు ఒకటుంది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు డార్క్ రూమ్‌లో ఎర్ర బల్బు కింద ట్రే మెల్లగా ఊపుతూ చెప్పాడు. "మొహం మీద గుడ్డ మనం తీయకూడదమ్మా. ఇంట్లోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు తీసేదాకా కెమెరా కేసు కూడా తెరవకూడదు."

ఇది ఎందుకు చెప్తున్నానంటే పోయినేడాది నుంచి ఒక ఫోటో నన్ను వదలట్లేదు. నాన్న పాత నెగటివ్‌లు స్కాన్ చేస్తూ, మధ్యలో పాతకాలపు ఫోటోగ్రఫీ గురించి చదువుతూ ఉంటే ఎదురైంది. లక్నోలో సికందర్‌బాగ్, 1858లో తీసింది. వెనకాల స్తంభాలున్న పెద్ద భవనం, ఫిరంగి గుళ్ళకి గోడలు పగిలి పెచ్చులూడిపోయి ఉంది. ఒక గుర్రం, మనవాళ్ళు కొందరు అక్కడక్కడా కదలకుండా ఉన్నారు. మొదట కన్ను భవనం మీదకే పోతుంది. ఆ తర్వాత ముందు భాగంలో నేలంతా తెల్లగా ఏదో చెల్లాచెదురుగా పడున్నట్టు కనబడుతుంది, రాళ్ళేమో పెంకులేమో అనుకుంటాం, కొంచెం దగ్గరగా చూస్తే పుర్రె, పక్కటెముకలు, ఇంకో పుర్రె. ఇంక అక్కణ్ణించి ఆ ఫోటోలో వేరే ఏదీ కనబడదు, నాకైతే కనబళ్ళేదు.

అది అవధ్ నవాబు వాజిద్ అలీ షా తన భార్య సికందర్ మహల్ కోసం కట్టించిన తోట. సిపాయిల తిరుగుబాటు నడుస్తుండగా, 1857 నవంబర్ 16న బ్రిటిష్ సేనాధిపతి కోలిన్ క్యాంప్‌బెల్ సైన్యం గోడ పగలగొట్టి లోపలికి దూరింది, లోపలున్న సిపాయిలకి బయటికి పోయే దారి లేదు, దాదాపు రెండు వేల మందిని ఆ ఒక్క ఆవరణలోనే చంపేశారు. అక్కడే చెట్టెక్కి తుపాకీతో చాలామంది ఇంగ్లీషు సైనికుల్ని కొట్టిన ఉదాదేవి కథ కూడా మీలో కొందరు వినే ఉంటారు, ఇప్పుడక్కడ ఆమె విగ్రహం ఉంది. ఫోటో క్యాప్షన్‌లో కూడా ఊచకోత అనే మాటే ఉంది, 2,000 మంది తిరుగుబాటుదారుల ఊచకోత తర్వాత సికందర్‌బాగ్ లోపలి దృశ్యం అని, ఎవరు చంపారో ఆ రెజిమెంట్ల పేర్లతో సహా. వాళ్ళకి అది దాచుకోవాల్సిన విషయంగా అనిపించలేదు.

కానీ తారీఖులు చూడండి. చంపింది నవంబర్‌లో, ఫోటో తీసిన మనిషి కలకత్తాలో దిగింది తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో, లక్నో చేరేసరికి మార్చి వచ్చేసింది. అంటే నాలుగు నెలల పైన. అన్నాళ్ళు ఎముకలు అలా ఆరుబయట, స్తంభాల ముందు, కెమెరాకి సరిగ్గా అందేలా పడున్నాయా? అప్పట్లో లక్నోలో పనిచేసిన సర్ జార్జ్ క్యాంప్‌బెల్ అనే సివిల్ అధికారి (సైన్యాన్ని నడిపిన క్యాంప్‌బెల్ వేరు) తన జ్ఞాపకాల్లో దీని గురించి రాశాడు. ఆ శవాల గుట్టని అప్పటికే మర్యాదగా కప్పేశారట, ఫోటోగ్రాఫర్ వచ్చి పూర్తిగా తీసేసేముందు ఒకసారి కప్పింది తీయాల్సిందేనని పట్టుబట్టాడట, తీయించి ఫోటో తీసుకున్నాడట.

అది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్న రూలు గుర్తొచ్చింది.

ఆ ఫోటోగ్రాఫర్ పేరు ఫెలీచే బియాటో. 1832లో వెనిస్‌లో పుట్టాడు, పెరిగింది అప్పట్లో బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉన్న కోర్ఫూ దీవిలో, తర్వాత కాన్‌స్టాంటినోపుల్‌లో. అలా పుట్టుకతో ఇటాలియన్, కాయితాల మీద బ్రిటిష్ ప్రజ. ఆయన అక్కచెల్లెళ్ళలో ఒకరిని పెళ్ళి చేసుకున్న జేమ్స్ రాబర్ట్‌సన్ టర్కీ సుల్తాన్ టంకశాలలో నాణేల అచ్చులు చెక్కేవాడు, ఫోటోలు కూడా తీసేవాడు, పని ఆయన దగ్గరే నేర్చుకున్నాడు మన బియాటో. 1855లో క్రిమియా యుద్ధానికి బావ వెంట వెళ్ళాడు. అంతకుముందే అక్కడికి రోజర్ ఫెంటన్ వెళ్ళి వచ్చాడు, ద్రాక్షసారా వ్యాపారి దగ్గర కొన్న గుర్రపు బండిని డార్క్ రూమ్‌గా మార్చుకుని, 360 దాకా ఫోటోలు తీసి జూన్‌కల్లా కలరా పట్టుకుని ఇంగ్లండ్ తిరిగెళ్ళాడు. ఫెంటన్ ఫోటోల్లో శవం ఉండదు, ఆఫీసర్లు, గుడారాలు, ఓడలు, గుళ్ళు దొర్లిపడిన ఖాళీ లోయ, అంతే. రాబర్ట్‌సన్, బియాటో రష్యావాళ్ళ రేవు పట్నం సెబాస్తొపోల్ పడిపోయాక వెళ్ళి ధ్వంసమైన కోటల్ని, విరిగిన ఫిరంగి బండ్లని తీశారు. యుద్ధం అయిపోయాక వెళ్ళి తీయడం అనేది అక్కడే అలవాటైంది.

నిజానికి అప్పటి కెమెరాతో యుద్ధం జరుగుతుండగా తీయడం కుదిరే పని కాదు. ఇది నాన్న దగ్గర కొంచెం నేర్చుకున్న మనిషిగా నాకు బాగా అర్థమయ్యే సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి. ఆ కాలంలో యుద్ధాలకి వెళ్ళిన ఫోటోగ్రాఫర్లు ఎక్కువగా వాడింది వెట్ ప్లేట్. కొలోడియన్ అని, గన్‌కాటన్‌ని (యాసిడ్ పట్టించిన దూది) ఈథర్‌లోనూ ఆల్కహాల్‌లోనూ కరిగిస్తే వచ్చే జిగురు లాంటి ద్రవం, దాంట్లో అయోడైడ్ ఉప్పు కలిపి, శుభ్రంగా తుడిచిన గాజు పలక మీద పోసి, పలకని నాలుగు మూలలకీ వాల్చి ఎక్కడా గీత పడకుండా సమంగా పరిచి, మిగిలింది మళ్ళీ సీసాలోకి ఒంపెయ్యాలి. దోసె రేకు మీద పిండి తిప్పినంత తేలిగ్గా అనిపిస్తుంది గానీ గాజు జారితే అంతే. తర్వాత చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి, అప్పుడే దానికి వెలుతుర్ని పట్టే గుణం వస్తుంది. ఆ తడి ఆరకముందే హోల్డర్‌లో పెట్టి, పరిగెత్తి, కెమెరాలో పెట్టి, మూత తీసి సెకన్లు లెక్కపెట్టి, మూసి, మళ్ళీ గుడారంలోకి పరిగెత్తి అన్నభేది ద్రావకం పోసి డెవలప్ చేసి, కడిగి, హైపోలో ఫిక్స్ చేసి, ఆరాక వార్నిష్ పూయాలి. మొదలుపెట్టిన పది పదిహేను నిమిషాల్లో ఎక్స్‌పోజర్, డెవలపింగ్ అయిపోవాలి, తడి ఆరిందా పలక పనికిరాదు. మన మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఈథర్ ఎంతలో ఆవిరైపోతుందో ఊహించుకోండి. చేతులు సిల్వర్ నైట్రేట్‌కి నల్లబడిపోతాయి, ఆ నలుపు రోజుల తరబడి పోదు, మా నాన్న గోళ్ళ చుట్టూ కూడా డెవలపర్ మరకలు గోధుమరంగులో ఎప్పుడూ ఉండేవి, పెళ్ళి చూపులకి వెళ్ళినప్పుడు కూడా ఉన్నాయని అమ్మ చెప్తుంది.

బియాటో తొలిరోజుల్లో కొలోడియన్ బదులు గుడ్డు తెల్లసొన పూసిన గాజు పలకలు కూడా వాడాడు. వాటితో సుఖమేంటంటే ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు, కష్టమేంటంటే ఎక్స్‌పోజర్ చాలా ఎక్కువసేపు ఇవ్వాలి. 1886లో లండన్‌లో ఫోటోగ్రాఫర్ల సభలో మాట్లాడుతూ ఆ ఎక్స్‌పోజర్‌ని నాలుగు సెకన్లకి తగ్గించి, తర్వాత గాలిక్ యాసిడ్‌లో గంటల తరబడి నానబెట్టి బొమ్మ తేల్చేవాణ్ణని చెప్పాడు. పనిమంతుడు, అందులో నాకేం అనుమానం లేదు. లక్నోలో కైసర్‌బాగ్ మొత్తం కనబడేలా ప్లేటు పక్కన ప్లేటు పెట్టి తీసిన పనోరమాలు చూస్తే నోట మాట రాదు, ఒక ప్లేటులోని గోడ పక్క ప్లేటులో సరిగ్గా అతుక్కోవాలి, నీడలు మారకముందే అన్నీ తీసెయ్యాలి. ఆ తర్వాత రాబర్ట్ నేపియర్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు ప్లాను ప్రకారం, మళ్ళీ ఎవరూ తిరగబడకుండా, ఊరి మధ్యలోంచి వెడల్పాటి రోడ్లు కొట్టి ఎన్నో భవనాలు నేలమట్టం చేశారు. ఆ కూల్చివేతలకి ముందటి లక్నో ఎలా ఉండేదో ఈరోజు ఎవరైనా చూడాలంటే బియాటో ప్లేట్లు చాలా విలువైనవి. ఇది ఒప్పుకోవాల్సిందే.

1860 మార్చిలో హాంకాంగ్ చేరాడు, అక్కణ్ణించి చార్ల్స్ విర్గ్‌మన్ అనే పత్రికా చిత్రకారుడితో కలిసి, బ్రిటిష్ ఫ్రెంచ్ సైన్యాలు చైనా మీదకి పోతుంటే వాళ్ళ వెంట వెళ్ళాడు. రెండో నల్లమందు యుద్ధం. ఇక్కడ మనకి ఒక చుట్టరికం ఉంది, ఆ సైన్యంలో మద్రాసు సాపర్లు (రోడ్లు, వంతెనలు, కందకాల పని చూసే సైనికులు) ఉన్నారు, తమిళులతో పాటు తెలుగువాళ్ళు కూడా చేరిన దళం అది. ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ యుద్ధ గౌరవాల్లో టాకూ ఫోర్ట్స్, పెకిన్ 1860 అనే పేర్లు ఇంకా ఉన్నాయి. మనదేశంలో తిరుగుబాటు అణిచి రెండేళ్ళు కాలేదు, మనవాళ్ళనే పట్టుకెళ్ళి ఇంకొకళ్ళ కోట మీదకి పంపారు.

ఆగస్టు 21న టాకూ కోట పడింది. బియాటో కోటలోకి వెళ్ళాడు. అక్కడున్న డేవిడ్ రెన్నీ అనే సైనిక డాక్టరు రాసింది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, ఫిరంగి చుట్టూ పడున్న చైనా సైనికుల శవాల్ని చూసి బియాటో మహా ఉత్సాహంగా తిరుగుతూ, ఆ గుంపు ఎంత అందంగా ఉందో అంటూ, నేను ఫోటో తీసేదాకా ఎవరూ వాటిని కదపొద్దని బతిమాలాడట. అందంగా అనే మాట వాడాడట. ఇంకోటి, ఆ ఫోటోల వరుసని తర్వాత పరిశీలించిన చరిత్రకారులు కనిపెట్టిందేంటంటే, శవాలున్న ఫోటోలు ముందు తీశాడు, పాడవుతాయి కాబట్టి, కోట బయటి దృశ్యాలు నింపాదిగా తర్వాత తీశాడు. ఆల్బమ్‌లో మాత్రం కోటని ముట్టడించినట్టు, లోపలికి దూరినట్టు, చివరికి శవాలు కనబడినట్టు కథలాగా వరుస మార్చి పెట్టాడు. కొన్నవాళ్ళకి యుద్ధం కళ్ళముందే జరుగుతున్నట్టు ఉంటుంది.

అక్టోబర్‌లో పెకింగ్ దగ్గర చక్రవర్తి వేసవి భవనాల్ని ఫోటోలు తీశాడు, కొద్దిరోజులకే లార్డ్ ఎల్గిన్ ఆర్డరుతో వాటికి నిప్పు పెట్టారు, ఆ ఎల్గినే తర్వాత మనకి వైస్రాయ్‌గా వచ్చాడు. సంధి మీద సంతకాలు పెట్టే రోజు ఇంకో సంగతి జరిగింది. చక్రవర్తి తమ్ముడు ప్రిన్స్ గాంగ్ కూర్చుని ఉంటే బియాటో కెమెరా తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి లెన్సు నేరుగా ఆయన గుండెకి గురిపెట్టాడు. పాపం ఆ కుర్రాడికి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు లేవు, అన్న పారిపోతే ఆ భవనాలు తగలబెట్టినవాళ్ళతో సంధికి తను కూర్చోవాల్సి వచ్చింది, ఎదురుగా ఏదో గొట్టం తన మీదకి తిరిగేసరికి పేలుతుందేమోనని మొహం పాలిపోయిందట. అక్కడున్న బ్రిటిష్ సేనాధిపతి ఈ సంగతి సరదాగా రాసుకున్నాడు. ఆరోజు వెలుతురు చాలక ఫోటో రాలేదు. నవంబర్ 2న మళ్ళీ కూర్చోబెట్టి తీశాడు, అది వచ్చింది. ఆ ఫోటోలో ఆయన కళ్ళు చూడండి ఒకసారి, ఎక్కడైనా దొరుకుతుంది.

1861లో లండన్ వెళ్ళి ఇండియా, చైనా ఫోటోలు నాలుగు వందల దాకా హెన్రీ హెరింగ్ అనే స్టూడియో ఆయనకి అమ్మేశాడు, ఆయన వాటిని ప్రింట్లు వేసి అమ్మాడు. డ్రాయింగ్ రూముల్లో పెట్టుకుని చూసుకునేవాళ్ళన్నమాట, సికందర్‌బాగ్‌తో సహా. నేను చూసినంతలో బియాటో ఫోటోల్లోని శవాలన్నీ మనవాళ్ళవో, చైనావాళ్ళవో, కొరియావాళ్ళవో. ఇంగ్లీషు సైనికుడి శవం ఒక్కటి కూడా నాకు కనబళ్ళేదు. వాళ్ళూ చచ్చిపోయారు కదా అదే చోట, అదే రోజున. వాళ్ళ మీద గుడ్డ ఎవరూ తీయమనలేదు.

జపాన్ కథ త్వరగా చెప్పేస్తాను, అది వేరే మనిషి కథలాగా ఉంటుంది. 1863 నుంచి ఇరవై ఏళ్ళు యొకోహామాలో ఉన్నాడు, సమురాయిలు, గ్రామాలు, చెర్రీ చెట్లు, జపాన్ చిత్రకారుల చేత ప్రింట్లకి రంగులు వేయించడం, మెత్తని పని. 1866లో ఊళ్ళో పెద్ద అగ్నిప్రమాదం జరిగి స్టూడియో, నెగటివ్‌లు కాలిపోయాయి, మళ్ళీ మొదటినుంచి తీసి 1868కి ఆల్బమ్‌లు తెచ్చాడు. మధ్యలో యుద్ధం పిలిస్తే మాత్రం వెళ్ళాడు, 1864లో షిమొనొసెకి, 1871లో అమెరికా నౌకాదళంతో కొరియా. గాంగ్వా దీవి కోటలో అమెరికన్లు ముగ్గురు చనిపోతే కొరియన్లు రెండు వందలకి పైగా చనిపోయారు. కొరియా దేశాన్ని, అక్కడి మనుషుల్ని ప్రపంచం ఫోటోలో చూడ్డం దాదాపు అదే మొదలు, ఆ మొదటి ఫోటోల్లోనే కోటగోడ కింద శవాలున్నాయి. తర్వాత వ్యాపారాల్లోనూ ఎక్స్చేంజి జూదంలోనూ సంపాదించింది పోగొట్టుకుని 1884లో జపాన్ వదిలేశాడు. సూడాన్‌లో చిక్కుకుపోయిన బ్రిటిష్ జనరల్ గోర్డన్‌ని కాపాడ్డానికి వెళ్ళిన సైన్యాన్ని ఫోటోలు తీద్దామని వెళితే అప్పటికే అంతా అయిపోయింది. ఆ తర్వాత బర్మా, మాండలేలో స్టూడియో పెట్టి, చెక్క బొమ్మలు, పట్టు గుడ్డలు, వెండి సామాన్లు కూడా అమ్మాడు.

బర్మా అనగానే ఇంకొకతన్ని చెప్పకుండా ఉండలేను. విలోబీ వాలెస్ హూపర్, మద్రాసు అశ్వదళం ఆఫీసరు. 1886 జనవరిలో మాండలేలో బర్మా ఖైదీల్ని నిలబెట్టి కాల్చేటప్పుడు, సరిగ్గా తుపాకులు పేలే క్షణం ప్లేటు మీద పడేలా కెమెరా పెట్టుకుని ఫోటోలు తీశాడు. టైమ్స్ పత్రిక విలేకరి బయటపెడితే లండన్ పార్లమెంట్‌లో గొడవైంది, విచారణ జరిగింది, శిక్ష మాత్రం పేరుకే. ఈ హూపరే అంతకు పదేళ్ళ ముందు మద్రాసు ప్రెసిడెన్సీ కరువు ఫోటోలు తీశాడు, 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు. మన పెద్దవాళ్ళు ధాత కరువు అంటారు చూడండి, బళ్ళారి, కర్నూలు, కడప వైపు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోయాయి, అదే. ఎముకల గూళ్ళలాంటి మనుషుల్ని, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, పెద్దవాళ్ళని వెనక నిలబెట్టి, మా స్టూడియోలో గ్రూపు ఫోటోకి సర్దినట్టే సర్దాడు. ఆ ఫోటోలు నేను ఒక్కసారే చూశాను, మళ్ళీ తెరవలేదు.

బియాటో 1909 జనవరి 29న ఫ్లోరెన్స్‌లో పోయాడు. ఇన్ని దేశాల చావుల్ని అంత స్పష్టంగా ప్లేటెక్కించినవాడి సొంత చావు ఎప్పుడో ఎక్కడో వంద సంవత్సరాల దాకా చరిత్రకారులకి తెలీదు, 2009లో మరణ ధృవీకరణ పత్రం దొరికితే తెలిసింది. ఆయన తోడబుట్టిన ఆంటోనియో కూడా ఫోటోగ్రాఫరే, ఈజిప్టులో ఉండేవాడు, ఇద్దరి పేర్లూ కలిపి ఫోటోల మీద ఒకే సంతకం ఉండడం వల్ల చాలాకాలం ఇద్దర్నీ ఒక్కడే అనుకున్నారు, ఒకే మనిషి ఏకకాలంలో ఈజిప్టులోనూ జపాన్‌లోనూ ఎలా ఉన్నాడా అని బుర్రలు బద్దలు కొట్టుకున్నారట.

నాకు ఆయన మీద కోపం ఉంది, దాచను. కానీ ఆ ఫోటో లేకపోతే సికందర్‌బాగ్ లోపల ఏం జరిగిందో రెజిమెంట్ల రిపోర్టుల్లో ఒక వాక్యంగా మిగిలిపోయేదని కూడా తెలుసు. పోయిన డిసెంబర్‌లో పని మీద లక్నో వెళ్ళినప్పుడు అక్కడికి వెళ్ళాను. గేటు మిగిలింది, దాని మీద చేప బొమ్మలు, పక్కనే బొటానికల్ గార్డెన్, పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్ళు. ఫోన్‌లో ఫోటో తెరిచి స్తంభాలు ఎక్కడుండాలో వెతుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాను, దొరకలేదు.

ఇంటికొచ్చాక నాన్నకి టాబ్‌లో చూపించాను. ఆయనకిప్పుడు డెబ్భై ఆరు, ఒక కంటికి ఆపరేషన్ అయింది. ముందు ఏం చెప్పకుండానే ఇచ్చాను. అలవాటు ప్రకారం మొదట నీడలు చూశాడు, వెలుతురు ఎటునుంచి వస్తుందో వేలితో చూపించాడు, గాజు నెగటివ్ కాబట్టే అంత షార్ప్‌గా ఉందన్నాడు. తర్వాత ఎముకలు కనబడ్డాయి. ఏం మాట్లాడలేదు. అప్పుడు చెప్పాను, నాలుగు నెలల తర్వాత తీసిందని, కప్పింది తీయించాడని.

నాన్న ఎముకల దగ్గర ఆగకుండా పక్కకి జరిపి, అక్కడున్న మనుషుల్ని పెద్దది చేసుకుని ఒక్కొక్కరి మొహం దగ్గరా ఆగాడు. "కదలొద్దని చెప్పుంటాడు వీళ్ళకి" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "కప్పింది కూడా వీళ్ళ చేతే తీయించుంటాడమ్మా" అన్నాడు. టాబ్ నా చేతికిచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ అమ్మని మంచినీళ్ళు అడిగాడు.